కోటప్పకొండకి క్యారేజీ మోసిన గేరు సైకిలు

ఇది ఒక సాహసయాత్ర. ఇందులో నిప్పులు చెరిగే ఎండలున్నాయి, మనిషి అడుగుపెట్టని దారులున్నాయి, కింద మేఘాలు తేలే లోయలున్నాయి. ఒంటరి మనిషికీ మహాపర్వతానికీ మధ్య జరిగిన పోరాటం ఉంది.

ఇలా మొదలుపెడదామని నాకూ చాలా ఆశగా ఉంది. కానీ చదివేవాళ్ళలో నరసరావుపేట వాళ్ళు ఉంటారేమోనని భయం. అందుకని నిజమే చెప్తాను. ఎండ శివరాత్రి ముందరి ఎండ, స్వెట్టర్లు అప్పుడే పెట్టెల్లోకి వెళ్ళాయి. మనిషి అడుగుపెట్టని దారిలో ప్రతి పావుగంటకీ బస్సుంది. మహాపర్వతం కోటప్పకొండ. దాన్ని డెబ్బై ఏళ్ళ ముసలమ్మలు చెప్పుల్లేకుండా మెట్ల దారిన ఎక్కి, పైన పొంగలి వండుకుని, దిగొచ్చి, సాయంత్రానికి గేదె పాలు పితుకుతారు. నేను అదే కొండని ఘాట్ రోడ్డు మీద, పద్దెనిమిది గేర్ల సైకిలుతో ఎక్కాను. దిగాను కూడా. దిగడం గురించి తర్వాత చెప్తాను.

చీమకుర్తి: బయల్దేరడం

మా ఊళ్ళో కొండ కనబడితే ఎక్కాలని ఎవరికీ తోచదు. కోసి అమ్మాలని తోస్తుంది. నేను పనిచేసేది రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో. నా పని లారీలకి బిల్లులు రాయడం. పాలిషింగు చూసుకునే రాజస్థాన్ ఆయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ తన గేరు సైకిలు నాకు అమ్మాడు. లావు టైర్లు, అడ్డకర్ర లాంటి హ్యాండిలు. బెల్లు లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు. పద్దెనిమిది గేర్లున్నాయన్నాడు. వాటిలో నాలుగు పడతాయి. మిగతా పద్నాలుగు నమ్మకం మీద ఉన్నాయి.

మా లోడింగు మేస్త్రీ ప్రసాదు దాన్ని చుట్టూ తిరిగి చూశాడు.

"ఒరేయ్, ఇన్ని గేర్లెందుకురా? మన టిప్పరుకే అయిదున్నయ్యి."

"కొండలెక్కడానికి."

"మరి ఎక్కు. కోటప్పకొండకి ఘాట్ రోడ్డేశారు గదా. ఎక్కి రా, నమ్ముతాం."

అంతే. గొప్ప గొప్ప యాత్రలకి వెనక పెద్ద పెద్ద కారణాలుంటాయి. నాకు ప్రసాదున్నాడు.

అద్దంకి: పెట్రోలు ఎక్కడ పోస్తారు?

మొదటి రోజు అద్దంకి దాకా. దారిలో పొగాకు కాల్చే బ్యారన్ల వాసన తియ్యగా, ఘాటుగా, ఎవరో బెల్లప్పాకంలో చుట్ట ముంచినట్టు వచ్చింది. రాళ్ళ లారీలు వెనకనుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చాయి. వాటిలో సగం బండ్లకి బిల్లు రాసింది నేనే. అయినా ఒక్కడూ స్పీడు తగ్గించలేదు.

అద్దంకి బయట టీ కొట్టు దగ్గర ఆగాను. రెండు రూపాయల టీ. మా చీమకుర్తిలోనూ అంతే, కాకపోతే మా టీలో రాతిపొడి ఉచితం. సైకిలు చుట్టూ అయిదుగురు చేరారు. పంచె పైకి కట్టిన పెద్దాయన గేరు తీగని వేలితో మీటి చూశాడు.

"ఏం బాబూ, ఇది ఎంతిస్తుంది?"

"ఏం ఇస్తుందండీ?"

"లీటరుకి."

"ఇది తొక్కేదండీ."

"గేర్లున్నయ్యిగా?"

"గేర్లున్నాయి. తొక్కాలి."

ఆయన కాసేపు నా మొహంలోకి జాలిగా చూశాడు. "అయితే నిన్ను మోసం చేశారు," అన్నాడు. టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

సంతమాగులూరు దాటాక: ఏడు తుమ్ములు

రెండో రోజు అద్దంకిలో బయల్దేరినవాణ్ణి మధ్యాహ్నానికి సంతమాగులూరు దాటాను. ఒక పంక్చరు, అయిదు రూపాయలు. పంక్చరు వేసినాయన లావు టైరు చూసి ఎనిమిదడిగాడు. గాలి అంతేగా పట్టేది అంటే అయిదుకి దిగాడు. గాలి కొట్టేటప్పుడు మాత్రం పంపు నా చేతికే ఇచ్చి ఆయన బీడీ వెలిగించాడు. అందులో మూడు రూపాయల న్యాయం ఉందని ఒప్పుకున్నాను.

అక్కణ్ణుంచి నేల మారింది. మా వైపు రాతిబూడిద రంగు. ఇక్కడ నల్లరేగడి మీద ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఎక్కడ చూసినా మిరపకల్లాలు. చేలల్లో పత్తి చివరి తీత. ఎదురుగా మూడు శిఖరాలతో కొండ. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలూ కనబడతాయంటారు. నేను కళ్ళు నులుముకుంటూ చూశాను కాబట్టి ఆరు కనబడ్డాయి.

మిరపఘాటు సంగతి మావాళ్ళకి తెలీదు. మేం మిరపకాయల్ని కొట్లో కొంటాం, అర కిలో, పొట్లంలో. లక్ష కాయలు ఎండలో పడుకుని ఒక్కసారి ఊపిరి వదిలితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. మొదటి తుమ్ముకి హ్యాండిలు వంకరపోయింది. మూడో తుమ్ముకి రోడ్డు వదిలాను. ఏడో తుమ్ముకి కొండకి ఇవతలున్న చిన్న ఊరి మొదట్లో, ఎవరిదో కల్లం మధ్యలో, పీకల్లోతు కాయల్లో కూర్చుని ఉన్నాను. పీకల్లోతు కాదు. మోకాళ్ళ దాకా.

"ఏ ఊరు నాయనా నీది? కళ్ళకేమన్నా గంతలు కట్టుకొచ్చావా?"

కాయలు తిరగేసే చెక్కపార పట్టుకుని ఒకావిడ నా మీద నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. తలకి కండువా, ముక్కుకి చీరచెంగు. పేరు రాఘవమ్మ అని తర్వాత తెలిసింది. నేను సమాధానంగా ఇంకో రెండు తుమ్మాను.

"చాల్లే, లే. తొక్కిన కాయకి తొడిమ ఊడితే ఎవడు కొంటాడు? ఇటు రా. ఈ బాన కాడ కడుక్కో. చేతులు ముందు కడుక్కో, కళ్ళు తర్వాత. తెలివితక్కువోడా, కళ్ళు తర్వాతన్నానా!"

నేను కళ్ళు ముందు కడుక్కున్నాను. తర్వాతి పావుగంట గురించి రాయను.

చూపు వచ్చేసరికి నా చేతిలో చెక్కపార ఉంది. పాడుచేసిన వాటికి బదులు ఒక వరస కాయలు తిరగెయ్యాలట. తిరగేశాను. ఆవిడ నన్ను 'అబ్బాయ్' అంది, నేను ఆవిణ్ణి 'పిన్నీ' అన్నాను. ఒకరి కల్లంలో పడ్డాక 'ఏమండీ' అనుకోవడానికేం ఉంటుంది? సాయంత్రం అవుతోంది, కొండ రేపెక్కుదువుగాని, అరుగు మీద మంచం ఉంది, పడుకో అంది.

రాఘవమ్మ గారి అరుగు

అరుగు పక్కన కొట్టం ఉంది. మేత వేసే గాళ్ళు రెండు, కట్టుకొయ్యలు రెండు, కింద ఊడ్చిన నేల. ఎద్దుల్లేవు. ఊడవడం మాత్రం ఆ రోజు పొద్దున కూడా ఊడ్చినట్టే ఉంది.

ముందు కొండకి వచ్చేవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ప్రభలు కట్టుకుని కొండకిందకి తీసుకొస్తారు. ప్రభంటే తాడిచెట్టుని మించే వెదురు చట్రం. దానికి గుడ్డలు, రంగు కాగితాలు, లైట్లు. మా వైపు దేవుణ్ణి నలుగురు మోస్తే ఊరేగింపు. వీళ్ళు మేడనే లేవదీసుకుని నడుస్తారు. ఊరికో ప్రభ. మీ ప్రభ కంటే మాది జానెడు పొడుగనే మాట మీద ఇక్కడ పెళ్ళి సంబంధాలు కూడా తప్పిపోయాయట.

ఆ ఊరి ప్రభ కట్టేది రాఘవమ్మ గారి భర్త కోటయ్య. ఆయనకి ముందు ఆయన నాన్న. మేకు అన్నది లేకుండా తాళ్ళతోనే కట్టడం వాళ్ళింటి పని. లాగేదీ ఆయన ఎద్దులే.

నేను అన్నం కోసం ఎదురుచూస్తూ ఉండగా ఆ ఊరి ప్రభ పనులు చూసే వెంకయ్య గారు వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో టార్చిలైటు. ఇంకా వెలుతురుంది. టార్చి హోదాకి.

"ఏమ్మా రాఘవమ్మా, మీ ఆయన దిగుతాడా, దిగడా?"

"నన్నడిగితే? కొండ మీదున్నాడు, ఎక్కి అడుగు."

"అడిగొచ్చాం గదమ్మా రెండుసార్లు. ఇంక పదిరోజులే ఉంది. రేపు సాయంత్రం దాకా చూస్తాం. రాకపోతే నరసరావుపేట నుంచి లైటింగు వాళ్ళొచ్చి ఇనప గొట్టాలతో కడతామంటున్నారు. ఒకసారి వాళ్ళ చేతికెళ్తే మళ్ళీ మీ చేతికి రాదు. ఆ మాట చెప్పాలని వచ్చా."

ఆయన వెళ్ళాక ఆవిడ చాలాసేపు పొయ్యి ఊదింది. పొయ్యి అప్పటికే బాగా మండుతోంది.

అన్నం పెడుతూ తనే చెప్పింది. రెండేళ్ళుగా పత్తికి పురుగు. మేత కొనడానికి లేక ఆయన తన పూట మానేసి ఎద్దులకి తవుడు పెట్టాడు. "ఎద్దులు నిగనిగలాడినయ్యి, మొగుడు ఎముకలపోగయ్యాడు. ఎవర్ని ఉంచుకోమంటావు అబ్బాయ్?" ఆయన ఒక పెళ్ళికని పొరుగూరు వెళ్ళిన రోజున, అడిగినవాళ్ళకి జత అమ్మేసింది. ఆయన తిరిగొచ్చి ఖాళీ కొట్టం చూశాడు. అరవలేదు, తిట్టలేదు. బండికి వేలాడే వెదురు గొట్టం ఒకటి విప్పుకుని కొండెక్కాడు. దిగనన్నాడు. పదిహేడు రోజులైంది.

"అడిగి అమ్మొచ్చుగా పిన్నీ?"

"అడిగితే ఒప్పుకుంటాడా?"

అప్పుడే పండుమిరపకాయ పచ్చడి మొదటి ముద్ద తిన్నాను. మా ఇంట్లో పచ్చడి అన్నంలో కలుపుకుంటాం. ఇక్కడ పచ్చడిలో అన్నం కలుపుతారు. చెవుల్లోంచి ఆవిరొచ్చింది. ఆవిడ వెన్నముద్ద వేసి, "మగపిల్లాడివి, ఏడుస్తావేం," అంది. తను కూడా కళ్ళు తుడుచుకుంటోంది. పచ్చడి వల్లే అని ఇద్దరం అనుకున్నాం.

ఎక్కడం

మూడో రోజు పొద్దున్నే మంచం పక్కన నాలుగు గిన్నెల క్యారేజీ ఉంది.

"ఎట్లాగూ ఎక్కుతున్నావుగా. కొబ్బరికాయల కొట్ల వెనక రేకుల షెడ్డులో ఉంటాడు. ఇచ్చిరా."

"ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పొద్దు. వెంకయ్య మాట మాత్రం చెప్పు. సాయంత్రం దాకానే అని."

క్యారేజీ హ్యాండిలుకి తగిలించుకుని బయల్దేరాను. ఘాట్ రోడ్డు వేసి ఎన్నో ఏళ్ళు కాలేదు, తారు ఇంకా నల్లగానే ఉంది. మొదటి మలుపు దాకా నేను ఈ దేశం గర్వించదగ్గ ఆటగాణ్ణి. రెండో మలుపు దగ్గర పడే నాలుగు గేర్లలో రెండు పడడం మానేశాయి. మూడో మలుపు దగ్గర దిగి బూటు లేసు కట్టుకున్నాను. నేను వేసుకున్నవి చెప్పులు.

ఈ కొండ మీది స్వామి పేరూ కోటయ్యే. ఎక్కే భక్తులు 'చేదుకో కోటయ్యా' అని కేకలేస్తారు. బావిలోంచి చేదతో నీళ్ళు లాగినట్టు నన్ను పైకి లాక్కో స్వామీ అని. దేవుణ్ణి అంత సూటిగా పని అడగడం మా వైపు లేదు. మేం ముందు కాసేపు పొగుడుతాం. నేనూ అరిచాను. స్వామి లాగలేదుగానీ, వెనక నుంచి ఆటోలో వెళ్తున్న ఒకావిడ తల బయటపెట్టి, "దిగి నడిపించుకో బాబూ, ఎవరూ చూడట్లేదులే," అంది. ఆవిడతో పాటు ఆటోలో ఉన్న తొమ్మిదిమందీ చూస్తున్నారు.

నిజం ఒప్పుకుంటాను. మూడొంతులు తొక్కాను, ఒక వంతు తోశాను. తోసిన వంతులో క్యారేజీ మూత సందులోంచి వచ్చిన పచ్చడి వాసనే నన్ను లాక్కెళ్ళింది.

ఈ కొండ మీద కాకులు వాలవంటారు. చూశాను, నిజంగానే లేవు. వచ్చినా తినడానికి కోతులు ఏమన్నా మిగిలిస్తే కదా.

ఏ కోటయ్య?

కొబ్బరికాయల కొట్ల దగ్గర "కోటయ్య గారున్నారా?" అన్నాను. ముగ్గురు తలెత్తారు. కాయలు కొట్టేవాడొకడు, పూలమ్మేవాడొకడు, ఊరికే కూర్చున్నవాడొకడు.

"ఏ కోటయ్య కావాలి?"

"ప్రభ కట్టే కోటయ్య గారు."

"ఎద్దుల కోటయ్యా? అట్లా చెప్పు. వెనకున్నాడు పో."

ఎద్దులు పోయినా పేరులో ఉండిపోయాయి.

రేకుల షెడ్డు ముందు బ్రేకు వేశాను. నా సైకిలు బ్రేకు వేస్తే ఊరంతా తెలుస్తుంది. కీచుమని, ఇనప తలుపు తోసినట్టు. లోపల్నుంచి సన్నగా, పొడుగ్గా ఒకాయన చెవులు మూసుకుంటూ వచ్చాడు.

"అబ్బబ్బ! ఎవడ్రా అది? నోరులేని బండిని అట్టా ఏడిపిస్తావేంది?"

క్యారేజీ చూసి ఆగిపోయాడు. ఎవరు పంపారని అడగలేదు. గిన్నెలు గుర్తుపట్టాడు. నేను వెంకయ్య గారి మాట అప్పజెప్పాను. ఇనప గొట్టాల సంగతి విన్నప్పుడు ఆయన దవడ ఒకసారి కదిలింది. అంతే.

"కట్టుకోనీ. ఎద్దుల్లేని ప్రభకి నేనెందుకు, గొట్టాలే చాలు."

"పిన్ని మీకు తిండి లేకపోవడం చూడలేకే కదా బాబాయ్..."

"నాకు తెలవదా?" అన్నాడు. "పెళ్ళానికి నా మీద ప్రేముందని నాకు తెలవదా? అడిగుంటే నేనే తోలుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. గంగడోలు నిమిరి, ఏది ఎడమ పక్క కట్టాలో, ఏది ఉరుముకి బెదురుద్దో కొన్నోడికి చెప్పి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడది ఉరుముకి బెదిరితే ఆడు కొడతాడో, నిమురుతాడో."

తర్వాత తిన్నాడు. మెతుకు వదలకుండా తిన్నాడు. గిన్నెలు తనే కడిగాడు.

"తిన్నానని చెప్పు. దిగనని చెప్పు."

"రెండూ చెప్పాలా?"

"రెండూ."

నేను దర్శనానికి వెళ్ళాను. ప్రసాదం పులిహోర, అయిదు రూపాయలు. దేవుడి పులిహోరలో కూడా ఎండుమిరపకాయలు ధారాళంగా ఉన్నాయి. తిరిగొచ్చేసరికి నా సైకిలు తలకిందులుగా నిలబడి ఉంది. కోటయ్య గారు దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన ఆ వెదురు గొట్టం. అందులో ఉన్నది కందెన. బండి ఇరుసులకి రాసే ఆముదం ముద్ద. ఎద్దుల బండి మొత్తంలో ఆయన కొండమీదికి తెచ్చుకున్నది అదొక్కటే.

"ఇంత మంచి బండికి ఇన్నాళ్ళూ కందెనే పెట్టలేదు గదరా! చక్రం ఎట్టా ఏడుస్తందో. ఇప్పుడు చూడు."

చక్రం తిప్పాడు. తిరిగింది, తిరిగింది, నా ఉద్యోగంలో నేను చూసిన ఏ యంత్రమూ అంత నిశ్శబ్దంగా తిరగలేదు. బ్రేకు నొక్కి చూపించాడు. "చప్పుడుందా?" లేదు. ఆయన మొహంలో పదిహేడు రోజుల తర్వాత వచ్చినట్టున్న నవ్వు. నాకూ ముచ్చటేసింది. డిగ్రీ చదివిన వాణ్ణి, బ్రేకు చప్పుడు పోయిందంటే బ్రేకే పోయిందని ఆ క్షణాన తట్టలేదు. ఆయన కందెన ఎక్కడ పెట్టాడని కూడా అడగలేదు. ఎక్కడ ఏడుస్తుంటే అక్కడ పెట్టాడు. చక్రం అంచుకీ, బ్రేకు రబ్బర్లకీ.

థాంక్స్ బాబాయ్ అని చెప్పి, ఖాళీ క్యారేజీ తగిలించుకుని బయల్దేరాను.

దిగడం

ఇక్కడ కూడా ఘనంగా రాయొచ్చు. నాకు తెలిసింది రాస్తాను. గాలి బాగుంది. కింద ఎర్రటి కల్లాలు బొట్టుబిళ్ళల్లా ఉన్నాయి. మొదటి మలుపు ముందు బ్రేకు నొక్కాను. సైకిలు విననట్టు పోయింది. గట్టిగా నొక్కాను. చాలా శాంతంగా పోయింది. అప్పుడు ఆముదం వాసన వచ్చింది, అప్పుడు డిగ్రీ పనిచేసింది.

చెప్పులు నేలకి ఆనించాను. కుడిచెప్పు అక్కడే ఉండిపోయింది, నేను ముందుకెళ్ళాను. 'చేదుకో కోటయ్యా' అని మళ్ళీ అరిచాను, ఈసారి ఒట్టి ప్రాణభయంతో. తిరనాళ్ళకని రోడ్డు పక్క పోసిన కంకరగుట్ట ఒకటి మలుపులో ఉంది. దాన్ని గుద్దుకుని ఆగాను. సైకిలు ముందు ఆగింది, నేను కాస్త తర్వాత. లోయ లేదు, మేఘాల్లేవు. పిట్టగోడ మీద కూర్చున్న కోతి ఒకటి వక్క నవుల్తున్నట్టు నన్ను చూసింది.

క్యారేజీ మాత్రం ఆగలేదు. పట్టీ ఊడి, గిన్నె గిన్నె విడివిడిగా, కొండంతా మోగేట్టు దొర్లుకుంటూ పోయింది.

ఆ మోత పైకి వినబడింది. నేను కంకర్లోంచి మోచెయ్యి ఏరుకునేలోపల మలుపుల మధ్య కాలిదారిన, పొదలు తొక్కుకుంటూ, కోటయ్య గారు ఊడిపడ్డాడు.

"ఏమైందిరా? తగిలిందా? చూడనీ."

మోకాలు గీరుకుపోయింది, మోచెయ్యి గీరుకుపోయింది. ముందు చక్రం అప్పడంలా వంగింది.

"నాకు తొక్కడం రాదు బాబాయ్," అన్నాను.

ఆయన చక్రం అంచు మీద బొటనవేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. చక్రం వైపు చూశాడు. "నేనే గదా," అన్నాడు చిన్నగా. అంతవరకూ నవ్వొచ్చిన నాకు అప్పుడు నవ్వు రాలేదు.

తలగుడ్డ చింపి నా మోకాలికి కట్టాడు. సైకిలు భుజానికెత్తుకున్నాడు. "కింద మలుపు దాకా దింపుతా. అక్కణ్ణుంచి ఆటో ఎక్కు. నేను ఆడ దాకానే."

కింద మలుపులో మూత దొరికింది. కొంచెం కిందగా పెరుగు గిన్నె.

"పప్పు గిన్నె ఏదీ?"

"పోతే పోనీ బాబాయ్."

"పోతే పోనీనా? మీ పిన్నికి వాళ్ళమ్మగారు పెట్టిన క్యారేజీ అది. గిన్నె తగ్గితే నన్ను బతకనిస్తదా?"

పప్పు గిన్నె ఇంకో మలుపు కింద. కూర గిన్నె దాని కింద, తుప్పల్లో. ఒక్కో గిన్నె తీసి పంచెతో తుడిచి, సొట్ట చూసి, చప్పరించి, నా చేతికిచ్చేవాడు. దిగనన్న మనిషి ఒక్కో గిన్నెకీ ఒక్కో మలుపు దిగుతున్నాడు. నేను నోరు మూసుకుని కుంటుతున్నాను. నా జీవితంలో నేను జోకు వెయ్యకుండా అంతసేపు ఉన్నది అదొక్కసారే.

చివరికి అన్నం గిన్నె మిగిలింది. అది పెద్దది, గుండ్రంగా దొర్లింది. కొండ మొదట్లో ఉన్న స్వాగత ద్వారం దాటి, అవతల చదును మీద, ఎండలో మెరుస్తూ పడి ఉంది.

కోటయ్య గారు ద్వారం ఇవతల ఆగిపోయాడు. సైకిలు భుజం మార్చుకున్నాడు.

"పోయి తెచ్చుకో అబ్బాయ్."

నేను నడవగలను. అప్పటిదాకా నడుస్తూనే ఉన్నాను. కానీ ఆ క్షణాన నా మోకాలికి ఎంత నొప్పి పుట్టిందో నాకే ఆశ్చర్యం. "అమ్మా" అని ద్వారం దిమ్మ మీద కూర్చుండిపోయాను. ఆయన నన్ను చూశాడు. ఎద్దుల్ని చూసిన మనిషి. కుంటేది ఏదో, కుంటినట్టు నటించేది ఏదో ఆయనకి తెలుసు. వెళ్ళి గిన్నె తీసుకున్నాడు.

కల్లం

రాఘవమ్మ గారు కాయలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి చెక్కపార ఆపింది. ఆయన భుజం మీద సైకిలు, నా చేతిలో గిన్నెలు, ఒంటి చెప్పు.

"ఏమయ్యో, దిగనన్నావుగా?"

"నేను దిగలా. సైకిలు దిగింది. దాన్ని మోసుకొచ్చా."

ఆవిడ గిన్నెలు తీసుకుంది. ఒక్కొక్కటీ వెలుగుకి పెట్టి చూసింది. "ఇన్ని సొట్టలా! కొండంతా కొట్టుకుంటా తిన్నావా ఏంది?" అంటూనే లోపలికెళ్ళి కాళ్ళకి నీళ్ళు తెచ్చింది. రెండు చెంబులు తెచ్చింది. మొదటిది నాకిచ్చింది. రెండోది తనే పోసింది, ఆయన పాదాల మీద.

ఆయన కాళ్ళు కడుక్కుంటూ కొట్టం వైపు చూశాడు. ఊడ్చి ఉన్న నేలని చాలాసేపు చూశాడు.

"రోజూ ఊడుస్తన్నావా?"

"ఊడవకపోతే ఎట్టా," అంది ఆవిడ.

ఖాళీ చెంబు అరుగు మీద పెట్టింది. ఆవిడే మళ్ళీ అంది. "తప్పే. అడగాల్సింది. ఈసారి అమ్మితే అడిగే అమ్ముతాలే."

"ఇంకేం ఉందే అమ్మడానికి?"

"నువ్వున్నావుగా."

ఆయన నవ్వకూడదని చాలా కష్టపడ్డాడు. నేను పడలేదు. నవ్వితే మోకాలు లాగింది, ఈసారి నిజంగానే.

సాయంత్రం వెంకయ్య గారు టార్చితో వచ్చారు. అరుగు మీద కోటయ్య గారిని చూసి మెట్టు దగ్గరే ఆగారు.

"ఏం కోటయ్యా, వెదురు కొట్టించమంటావా మరి?"

"మొన్నే కొట్టించాల్సింది. పచ్చివెదురు ఆరొద్దూ? పదిరోజులు పెట్టుకుని తిరుగుతున్నారు టార్చిలైట్లేసుకుని." పంచె సర్దుకున్నాడు. "లాగేది దేంతో?"

"మా ట్రాక్టరే అనుకుంటున్నాం..."

కోటయ్య గారు గడ్డం గోక్కున్నాడు. కొట్టం వైపు చూడలేదు. చూడకుండా ఉండడం కనబడింది.

"ట్రాక్టరైతే కుదుపెక్కువ. ప్రభ అడుగుభాగం మూరెడు వెడల్పు పెంచాలి. తాడు కూడా రెండు చుట్లు ఎక్కువ కావాలి. రాసుకో."

వెంకయ్య గారు రాసుకోవడానికి కాగితం లేక నా వైపు చూశారు. బిల్లులు రాసే వాణ్ణి, నా దగ్గర కలం ఎప్పుడూ ఉంటుంది. రాసిపెట్టాను. ఆవిడ లోపల మిరపకాయలు నూరుతోంది. ఆయన అక్కణ్ణుంచే, "పొద్దున పప్పులో ఉప్పు తగ్గింది," అని కేకేశాడు. "పదిహేడు రోజులు ఏ ఉప్పు తిన్నావో అదే తెచ్చుకో," అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

నాలుగో రోజు పొద్దున బస్సెక్కాను.

సైకిలుతో వెళ్ళదలచుకున్నవాళ్ళకి ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. నరసరావుపేట నుంచి అద్దంకి వైపు బస్సులో సైకిలుకి వేరే లగేజీ టికెట్టు తీసుకోవాలి, టాపు మీదికి ఎక్కించుకోవడం, తాడు తెచ్చుకోవడం మన పనే.